కామిక్ కాన్‌లో అంత ఏముంది? రోజంతా తిరిగినా నాకేమీ పట్టలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్ కామిక్ కాన్‌కి, అంటే కామిక్స్, సినిమాలు, గేముల అభిమానులు కలిసే కన్వెన్షన్‌కి, టికెట్ కొనుక్కుని వెళ్ళారు, ఐదారు గంటలు స్టాళ్ళన్నీ తిరిగారు, కాళ్ళు నొప్పులు పుట్టి ఇంటికొచ్చారు. మీ తమ్ముడు మాత్రం ఏడాదంతా దానికోసమే ఎదురుచూస్తాడు. తనలాంటివాళ్ళకు కనిపించేదేమిటి, మీకు కనిపించనిదేమిటి అని.

మీరు దాన్ని నుమాయిష్ చూసినట్టు చూసి ఉంటారు. నుమాయిష్‌లో చూస్తాం, కొంటాం, తింటాం, వచ్చేస్తాం. కన్వెన్షన్‌ను అలా చూస్తే చేతికి పెద్దగా ఏమీ మిగలదు. అక్కడి టీషర్టులు, బొమ్మలు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. అక్కడ నిజంగా సంతోషపడేవాళ్ళను గమనించండి, ప్రతివాళ్ళూ ఏదో ఒక పని పెట్టుకుని వచ్చినవాళ్ళే. కొందరు వేషం కట్టుకొస్తారు, కొందరు గీసిన బొమ్మలు అమ్ముకోవడానికొస్తారు, కొందరు మ్యాచ్ ఆడడానికొస్తారు. చూడడానికని మాత్రమే వెళ్ళినవాళ్ళకు దక్కేది తక్కువ.

ఈ సంగతిని జపాన్‌వాళ్ళు నియమంగానే పెట్టుకున్నారు. టోక్యోలో 1975 డిసెంబర్‌లో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన కామిక్ మార్కెట్ ఇప్పుడు ఏటా రెండుసార్లు, ఆగస్టులోనూ డిసెంబర్‌లోనూ, లక్షల మందితో జరుగుతుంది. సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకాలు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, వాలంటీర్లు అందరినీ అక్కడ ‘పాల్గొనేవాళ్ళు’ అనే అంటారు. కస్టమర్ అనే మాటకు చోటు లేదు. వరస సరిగ్గా నిలబెట్టడం కూడా కొనడానికొచ్చినవాళ్ళ బాధ్యతే.

మన దగ్గర చాలామందికి కామిక్ కాన్ అనే మాట 2023 జులైలో తెలిసింది. అమెరికాలోని శాన్ డియేగో కామిక్ కాన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ పేరు ప్రకటించినప్పుడు. దాంతో కన్వెన్షనంటే స్టేజీ మీద హీరోలు, కింద కేకలు అనే బొమ్మ మనసులో పడిపోయింది. శాన్ డియేగోలో ఆ పెద్ద హాలుకు, దాన్ని హాల్ హెచ్ అంటారు, సుమారు 6,500 సీట్లు. మొత్తం వచ్చే జనం లక్షకు పైనే. స్టేజీ చూడడమే అసలు సుఖమైతే ముప్పావువంతు కంటే ఎక్కువమంది ఏటా ఏడుస్తూ ఇంటికి పోవాలి కదా. పోవడం లేదంటే సుఖం ఇంకెక్కడో ఉంది.

ముందు వేషాల సంగతి, అంటే కాస్‌ప్లే. ఇది కొత్త పిచ్చి కాదు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ జరిగితే, ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు డగ్లస్ తయారుచేసిన భవిష్యత్ కాలపు దుస్తుల్లో వెళ్ళారు. తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం కట్టే జనాన్ని చూసినవాళ్ళకు ఈ సంబరం కొంత తొందరగా అర్థమవుతుంది. అది మొక్కు, ఇది ఇష్టం, రెండూ ఒకటి కావు. కానీ వేషం కట్టినవాణ్ణి దారినపోయేవాళ్ళందరూ గుర్తుపట్టి పలకరించే తీరు మాత్రం దగ్గరగా ఉంటుంది.

మీరు హాల్లో చూసిన ఆ కవచాలు చాలావరకు ఇనుమూ కాదు, గట్టి ప్లాస్టిక్కూ కాదు. ఈవీఏ ఫోమ్, అంటే చెప్పుల సోల్‌కీ, పిల్లల గదుల్లో నేల మీద పరిచే పజిల్ మ్యాట్లకూ వాడే పదార్థం. ఛాతీ, వీపు, భుజాలకు 10 మి.మీ. మందం, ముంజేతులకు 5 మి.మీ., పైన అంటించే నగిషీలకు 2 మి.మీ. అరవై సెంటీమీటర్ల చదరపు మ్యాట్లయితే పై సగం శరీరానికి ఆరు నుంచి ఎనిమిది పడతాయి. కొలతకు ఒంటిమీద పాత టీషర్టు వేసుకుని, దానిపైన వంటింటి క్లింగ్ ఫిల్మ్ చుట్టి, మాస్కింగ్ టేప్ పొరలుగా అంటించి, దానిమీదే మార్కర్‌తో గీతలు గీసి కత్తిరిస్తారు. విప్పి పరిస్తే అదే నమూనా. ఛాతీకి ఒకవైపు మాత్రమే గీసి, తిప్పి రెండోవైపుకూ వాడాలి. రెండువైపులా విడివిడిగా గీస్తే కవచం వంకరగా వస్తుంది.

చెడేది ఎక్కువగా అంటు దగ్గరే. తెల్ల ఫెవికాల్ పనికిరాదు. దానిలోని నీరు ఆరాలంటే కాగితమో చెక్కో పీల్చుకోవాలి, ఈ ఫోమ్ పీల్చదు. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు కావాలి. రెండు అంచులకూ పలచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కాలి. తొందరపడి తడిగా ఉండగానే కలిపితే అతుకు ఆ సాయంత్రం బాగానే ఉంటుంది, హాల్లో చెయ్యెత్తగానే విడిపోతుంది. వానాకాలం తేమలో ఇంకో ఐదు నిమిషాలు అదనం. ఈ జిగురు థర్మకోల్ మీద పడితే దాన్ని కరిగించేస్తుంది కాబట్టి లోపల థర్మకోల్ పెట్టాలనుకునేవాళ్ళు మరో దారి చూసుకోవాలి. కిటికీలు తెరిచి పనిచెయ్యాలి, ఆ వాసన తలకెక్కుతుంది.

వంపు తిప్పడానికి హీట్ గన్, అంటే వేడిగాలి ఊదే పరికరం. ఫోమ్ పైపొర మీద ఆ పొడిపొడి మసక పోయి కాస్త నిగనిగలాడగానే వేడి ఆపి, చేత్తోనో సీసా మీదో వంచి చల్లారేదాకా పట్టుకోవాలి. ఈ వేడి పైపొర మీది సన్న రంధ్రాల్ని కూడా మూస్తుంది. రంగు వెయ్యబోయేముందు ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి మూడు నాలుగు పూతలు (అతుకుకి వద్దన్న తెల్ల ఫెవికాల్ ఇక్కడ పనికొస్తుంది), పూతపూతకూ పూర్తిగా ఆరనిస్తూ వెయ్యాలి. ఈ మెట్టు వదిలేస్తే రంగు పైపొర మీద మిగిలిన రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. రంగు పగలడానికి కారణం సాధారణంగా మందంగా ఒకేసారి వెయ్యడం, లేదా చదునుగా ఉండగా రంగువేసి తర్వాత వంచడం.

ఇంత ఎందుకు చెప్పానంటే, కళ్ళముందున్న మనిషి ఈ పనంతా తన గదిలో ఒంటరిగా, నెలా రెండు నెలలు, ఇంట్లోవాళ్ళ మాటలు పడుతూ చేసి ఉంటాడు. కన్వెన్షన్‌లో ఒక తెలియని మనిషి వచ్చి భుజం దగ్గర అతుకు చూసి ‘దీన్ని దేనితో నింపావు?’ అని అడుగుతాడు. అంతే. ఫలానా పాత్ర వేశాడని గుర్తుపట్టడం ఒక మెట్టు, ఆ పాత్ర ఏ సీజన్‌లో వేసుకున్న కవచమో గుర్తుపట్టడం రెండో మెట్టు, అతుకు దాచిన తీరు గుర్తుపట్టడం మూడోది. చుట్టాలకు ఏడాదంతా చెప్పినా ఎక్కనిది అక్కడ ఒక్క చూపులో తెలిసిపోతుంది. నా లెక్కలో జనం అంతదూరం నుంచి వచ్చేది ఆ మూడో మెట్టు కోసమే.

బొమ్మలు గీసి అమ్మేవాళ్ళ వరస కూడా ఇలాంటిదే. అక్కడ మీరు ఒక బల్ల ముందు నిలబడితే గీసిన మనిషే బల్లకి అటువైపు ఉంటుంది. ఏది ఎందుకు అలా గీసిందో చెప్తుంది. సొంత కామిక్ అచ్చువేసుకున్నవాళ్ళయితే మరీను. పాఠకుడు పేజీ తిప్పుతూ ఎక్కడ ఆగాడో వాళ్ళు కళ్ళారా చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్ లైక్ ఆ సంగతి చెప్పదు.

బల్ల పెట్టాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ఏ3 ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3508 × 4961 పిక్సెళ్ళు కావాలి. ఫోన్ తెరకని గీసిన బొమ్మను పెంచితే అంచులు మసకబారతాయి. నాలుగువైపులా 3 మి.మీ. అదనం వదలాలి, లేదంటే కత్తిరింపులో తెల్లగీత మిగులుతుంది. తెర మీద మెరిసే నీలాలు, ఊదాలు, ఆకుపచ్చలు అచ్చులో వడలిపోతాయి, ఎందుకంటే తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో. కాబట్టి ఫైలును సీఎంవైకేలోకి, అంటే అచ్చు సిరాల రంగుల పద్ధతిలోకి, మార్చి చూసుకుని, వంద కాపీలు వేయించేముందు ఒక్కటి వేయించి చూడాలి. కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు). ప్రింట్లను బల్ల మీద పరిచి పెడితే దగ్గరికొచ్చిన ఒకరిద్దరికే కనపడతాయి. వెనక స్టాండు పెట్టి కంటి ఎత్తున నిలబెడితే పది అడుగుల దూరం నుంచే మనిషి ఆగుతాడు. జనం కిక్కిరిస్తే నెట్‌వర్క్ మొరాయించి యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, అందుకని చిల్లర దగ్గరుండాలి, కొనేవాళ్ళ దగ్గరా ఉండాలి.

గేమింగ్‌వైపు వస్తే, ‘ఇంట్లో ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చుగా’ అనే ప్రశ్నకు లెక్కలోనే జవాబుంది. ఫైటింగ్ గేములు సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) మీద నడుస్తాయి, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. అవతలివాడి దెబ్బ కాచుకున్నాక తిరిగి కొట్టడానికి దొరికే సందు ఒక్కోసారి రెండు మూడు ఫ్రేములే. పింగ్, అంటే నెట్‌వర్క్‌లో సంకేతం వెళ్ళి తిరిగొచ్చే సమయం, 60 మిల్లీసెకన్లుంటే ఒకవైపు ప్రయాణానికే దాదాపు రెండు ఫ్రేములు పోయినట్టు. పక్కపక్క కుర్చీల్లో ఒకే మెషీన్ మీద ఆడినప్పుడు ఈ నెట్‌వర్క్ ఆలస్యం ఉండదు. ఓడిపోతే నెట్‌వర్క్ మీద తొయ్యడానికీ లేదు. అయిపోయాక అవతలివాడే ‘నువ్వు ప్రతిసారీ ఎగిరే వస్తున్నావు, అందుకే దొరికావు’ అని చెప్తాడు. ఆ ఒక్క మాట వంద ఆన్‌లైన్ మ్యాచ్‌ల పెట్టు.

టోర్నమెంట్లు చాలావరకు డబుల్ ఎలిమినేషన్. రెండుసార్లు ఓడితేనే బయటికి. కాబట్టి ఎంత కొత్తవాళ్ళయినా రెండు పోటీలు గ్యారంటీ. మీ సొంత కంట్రోలర్ తీసుకెళ్ళండి, వైరుతో ఉన్నదయితే మేలు. వైర్‌లెస్‌ది పెట్టి ఆడితే లేచే ముందు తప్పకుండా అన్‌పెయిర్ చెయ్యాలి, అంటే కన్సోల్‌తో దాని లంకె తెంపాలి. లేదంటే మీ సంచిలో బటన్ నొక్కుకుని, ఆ కన్సోల్ మీద తర్వాత ఆడుతున్నవాళ్ళ మ్యాచ్ మధ్యలో ఆగిపోతుంది. పేరు పిలిచినప్పుడు అక్కడ లేకపోతే ఆడకుండానే ఓటమి రాస్తారు, ఆ సమయంలో తిండికి పోవద్దు.

బల్ల మీద ఆడే ఆటలకు వేరే లోకమే ఉంది. అమెరికాలో జెన్ కాన్ అనే బల్ల ఆటల కన్వెన్షన్ 1968లో గ్యారీ గైగాక్స్ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను రూపొందించినవాళ్ళలో ఒకరు) లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టినది. జర్మనీలోని ఎస్సెన్‌లో ఏటా అక్టోబర్‌లో జరిగే ష్పీల్ అనే ఆటల ప్రదర్శనలో కొనకముందే కూర్చుని ఆడి చూడొచ్చు. ఇరవై పేజీల రూల్స్ పుస్తకం ఇంట్లో చదివి బుర్ర వేడెక్కించుకునేకన్నా, తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని ఆడిస్తూ నేర్పితే పావుగంటలో పట్టుబడుతుంది. నలుగురు తెలియనివాళ్ళు అరగంటలో ఒకరి ఎత్తులు ఒకరు పసిగట్టే స్థాయికి వస్తారు. కొత్తవాళ్ళతో మాట కలపడం కష్టమనిపించేవాళ్ళకు ఇది గొప్ప వెసులుబాటు. ఏం మాట్లాడాలో ఆటే చెప్తుంది.

ఇక వెళ్ళేముందు చూసుకోవాల్సినవి. హైదరాబాద్ కామిక్ కాన్ జరిగే హైటెక్స్ ప్రాంగణానికి మెట్రో నేరుగా రాదు, హైటెక్ సిటీ స్టేషన్లో దిగి ఆటో చూసుకోవాలి. మూడురోజుల కార్యక్రమమైతే శనివారం రద్దీ ఎక్కువ, కళాకారులతో తీరిగ్గా మాట్లాడాలంటే శుక్రవారం. ఆదివారం సాయంత్రానికి మంచి ప్రింట్లు అయిపోతాయి. వేషం వేసినవాళ్ళను ఫోటో తీసేముందు అడగాలి, కవచం మీద చెయ్యి వెయ్యకూడదు. ఇది మర్యాద మాత్రమే కాదు, పైన చెప్పిన అతుకుల సంగతి గుర్తుందిగా.

వచ్చేసారి మీకంటూ పని కావాలంటే ఒకటుంది, మీ తమ్ముడు గనక వేషం వేస్తుంటే. కవచం వేసుకున్న మనిషి వీపు వెనక బకిల్ తనంతట తాను పెట్టుకోలేడు, ఫోన్ తీసుకోలేడు, హెల్మెట్‌లోంచి తన కాళ్ళ ముందు మెట్టు చూడలేడు. పక్కన ఒక మనిషి తప్పనిసరి. ముందురోజు ఇంట్లో వేషమంతా కట్టించి, కూర్చోబెట్టి, మెట్లెక్కించి, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేంత వీలుందో లేదో చూడండి. సంచిలో స్ట్రా ఉన్న నీళ్ళ సీసా, పిన్నీసులు, రెండువైపులా అంటే టేపు, చిన్న కత్తెర, ఫెవిక్విక్ ఒక ట్యూబు పెట్టుకోండి. ఫెవిక్విక్ అతుకు గట్టిపడి విరుగుతుంది కానీ ఆ పూటకి నిలుస్తుంది. గంటకోసారి హెల్మెట్ తీయించి పది నిమిషాలు గాలి తగలనివ్వండి. ఎవరైనా వచ్చి అతుకు గురించి అడిగితే, జవాబు మాత్రం తననే చెప్పనివ్వండి.