గోడ ముందు నిలబడ్డ మనిషి

అమ్మా,

1945 బ్రిటన్ ఎన్నికల పోస్టర్ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. రంగులు, అక్షరాలు, బొమ్మలు బాగా పట్టుకున్నావు. కానీ చివరికొచ్చేసరికి "నాయకులు ఉద్యోగాలిస్తామంటారు, ఇవ్వరు" అని తేల్చేశావు. ఆ వాక్యం ఏ దేశానికైనా, ఏ ఎన్నికకైనా అతుకుతుంది. అందుకే తీసెయ్యమంటున్నాను.

గోడను చూసింది చాలు, దాని ముందు ఆగి చదివినవాళ్ళను చూడు. నలభై అయిదేళ్ళ ఓటరు ఒకణ్ణి ఊహించుకో. 1918లో, మొదటి యుద్ధం ముగియగానే, వీరులు బతకదగ్గ దేశంగా బ్రిటన్‌ను మారుస్తామని అప్పటి ప్రధాని లాయిడ్ జార్జ్ అన్నప్పుడు అతను కుర్రాడు. 1921 సగానికి వచ్చేసరికి నిరుద్యోగులు 20 లక్షలు దాటారు. 1930ల మొదట్లో ముప్ఫై లక్షల దగ్గరికి చేరారు. ఈశాన్య ఇంగ్లండ్‌లోని జారోలో ఓడలు కట్టే యార్డు మూతపడింది. 1936 అక్టోబరులో అక్కడి మగవాళ్ళు సుమారు 200 మంది పని అడగడానికి లండన్‌కు నడిచి వెళ్ళారు. దాదాపు 300 మైళ్ళు! ప్రధాని బాల్డ్విన్ వాళ్ళను కలవనే లేదు.

తర్వాత రెండో యుద్ధం వచ్చింది. పని లేదన్న దేశంలోనే పనికి మనుషులు చాలలేదు. నీ వ్యాసంలో లేనిది ఇదే. ప్రభుత్వం తలుచుకుంటే అందరికీ పని దొరుకుతుందని జనం కళ్ళారా చూశారు. 1944లో చర్చిల్ నడిపిన సంకీర్ణ ప్రభుత్వమే ఉపాధిని ఎక్కువగా, నిలకడగా ఉంచే బాధ్యత తనదని శ్వేతపత్రంలో ఒప్పుకుంది. కాబట్టి ఎవరు మాటిచ్చారన్నది కాదు, ఎవరిని నమ్మాలన్నదే ఆ ఓటరు టెన్షన్. కన్సర్వేటివ్‌లు చర్చిల్ ఫొటో వేసి, ఆయన పని పూర్తి చెయ్యడానికి సాయపడండి అన్నారు. లేబర్ పార్టీ, ఇక శాంతిని కూడా గెలవండి అంది. వాళ్ళ మ్యానిఫెస్టోలో అందరికీ ఉద్యోగాలని ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. విదేశాల్లోని సైనికుల ఓట్లు అందేదాకా ఆగి జులై 26న ఫలితాలు చెప్పారు. లేబర్ 393 సీట్లతో గెలిచింది.

ఆ తర్వాతి కథా రాయి. 1947 చలికాలంలో బొగ్గు అందక ఫ్యాక్టరీలు ఆగిపోయి, 20 లక్షల మందికి పైగా కొన్ని వారాలు పని లేకుండా ఉన్నారు. అయినా అందరికీ పని అన్న ఆ మాట మొత్తమ్మీద నిలబడింది. 1950లు, 60లలో నిరుద్యోగం చాలావరకు రెండు శాతం అటూ ఇటూగానే ఉంది. అదంతా ప్రభుత్వం గొప్పే అనకు, అమెరికా ఇచ్చిన డబ్బు, పెరిగిన ప్రపంచ వ్యాపారం కూడా కలిసొచ్చాయి. కానీ నిలబడ్డ మాటను కూడా అబద్ధాల కుప్పలో పడేస్తే నాకు బాధేస్తుంది. జారో నుంచి నడిచినవాళ్ళకు అది అన్యాయం.

మన ఎన్నికలతో పోల్చాలన్న ఆత్రం ఇప్పుడే వద్దు. ముందు 1918 పోస్టర్లు వెతికి, 1945వాటి పక్కన పెట్టుకుని చూడు. రెండో ప్రతి అక్కడి నుంచి మొదలుపెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి