సీటు లేదని ఆపేసి వోచర్ చేతిలో పెడితే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. దసరా సెలవులకు అత్తయ్య గారితో కలిపి అయిదుగురం అండమాన్ బయల్దేరాం. అందరికీ ఒకే పీఎన్‌ఆర్. ఉదయం 6.20 విమానానికి నాలుగింటికే ఎయిర్‌పోర్టులో ఉన్నాం. వెబ్ చెకిన్‌లో ముగ్గురికి సీటు నంబర్లు వచ్చాయి, ఇద్దరికి ‘గేటు దగ్గర ఇస్తాం’ అని వచ్చింది. తీరా గేటు దగ్గర విమానం నిండిపోయిందన్నారు. బుకింగులన్నీ పోతాయన్న టెన్షన్‌లో నేను, పిల్లలు ఎక్కేశాం. మావారు, అత్తయ్య గారు ఆగిపోయారు. వాళ్లకు మర్నాడు ఉదయం 11.40 విమానంలో సీట్లిచ్చారు. చెరో రెండు వేల వోచర్ ఇచ్చి ట్యాబ్ మీద సంతకం చేయించుకున్నారు. కారణం రాసివ్వమంటే ఇవ్వలేదు. వాళ్లు లేకుండా హావ్‌లాక్ దీవికి వెళ్లలేక మేం పోర్ట్ బ్లెయిర్‌లోనే గది తీసుకున్నాం. హావ్‌లాక్‌లో ఒక రాత్రి హోటల్ డబ్బు, అయిదు ఫెర్రీ టికెట్లు పోయాయి. మెయిల్ పెడితే ‘నిర్వహణ కారణాలు’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలని టికెట్ షరతుల్లో ఉంది. పైగా టికెట్లు కొన్నది విజయవాడలో ఉన్న మా తమ్ముడి కార్డుతో. తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసు హ్యాండిల్ కూడా విరిగింది. మాకేమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వస్తుందమ్మా. ఎంత వస్తుందనేది ఆ రోజు గేటు దగ్గర జరిగింది ఆలస్యమా, రద్దా, బోర్డింగ్ నిరాకరణా అన్నదాని మీద ఉంటుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఈ మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలున్నాయి. ఆలస్యమైతే టిఫిను, భోజనం పెట్టాలి, మరీ ఎక్కువైతే హోటల్ గదో రిఫండో ఇవ్వాలి. ఆ నిబంధన కింద నగదు పరిహారం ఉండదు. సమయానికి చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు, లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. అది కూడా వాతావరణం లాంటి సాకు లేనప్పుడే. కన్ఫర్మ్ టికెట్ ఉండి, సమయానికి వచ్చిన మనిషిని సీటు లేదని ఆపేస్తే మాత్రం పరిహారం బాగా ఎక్కువ. అందుకే మీ మెయిల్‌కు వాళ్లు ‘నిర్వహణ కారణాలు’ అని గోడ మీద పిల్లిలా జవాబిచ్చారు.

ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం మీ ఇంట్లోనే ఉంది. ఆ విమానం రద్దు కాలేదు, మిమ్మల్నీ పిల్లలనూ ఎక్కించుకుని వెళ్లింది. అదే పీఎన్‌ఆర్‌లో ముగ్గురు దిగిన చోట ఇద్దరు దిగలేదంటే దాన్ని బోర్డింగ్ నిరాకరణ అనక ఇంకేమంటారు? మీ ముగ్గురి బోర్డింగ్ పాసులు, వాళ్లిద్దరికి ‘గేటు దగ్గర ఇస్తాం’ అని వచ్చిన పేజీ స్క్రీన్‌షాట్ జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇక లెక్క. ప్రత్యామ్నాయ విమానం అసలు సమయానికి గంటలోపే ఉంటే ఏమీ రాదు. 24 గంటల్లోపు బయల్దేరేదైతే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి రెండు రెట్లు, గరిష్ఠంగా 10,000. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. మీవాళ్లకు 6.20 విమానం బదులు మర్నాడు 11.40 విమానం ఇచ్చారు కాబట్టి మీది నాలుగు రెట్ల కోవ. టికెట్‌లో బేసిక్, ఇంధన ఛార్జీలు కలిపి మనిషికి 4,600 అనుకుంటే 18,400 చొప్పున ఇద్దరికీ 36,800 రావాలి. జీఎస్టీ, ఎయిర్‌పోర్టు ఫీజులు ఈ లెక్కలోకి రావు. రెండు వేల వోచర్ దీనికి ఏ మూలకు?

ఓవర్‌బుకింగ్, అంటే సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మడమే నేరమని చాలామంది అనుకుంటారు. కాదు. నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. కాకపోతే ముందు, స్వచ్ఛందంగా ఆగిపోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రయాణికులను అడగాలి. మీ గేటు దగ్గర అలా అడగకపోతే ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

వాళ్లు ఎదురు వాదించేది ఎలా ఉంటుందో చెప్తాను. ‘ప్రయాణికులు ఆలస్యంగా వచ్చారు’ అంటారు. ఈ కేసుల్లో నేను ఎక్కువగా చూసే వాదన ఇదే. కారులో వెళ్లి, దారిలో టోల్ ఏదైనా కట్టి ఉంటే ఆ ఫాస్టాగ్ మెసేజ్‌లో సమయం ఉంటుంది. క్యాబ్ అయితే బిల్లు, వాయు వజ్ర బస్సయితే టికెట్. బ్యాగులు వేసినప్పుడు ఇచ్చిన ట్యాగు రసీదు పారేయకుండా ఉంటే మరీ మంచిది.

ట్యాబ్ మీద సంతకం గురించి భయపడకండి. ముందు ఆ వోచర్ మెయిల్ తెరిచి ‘పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే గొడవే లేదు. ఉన్నా, ఒత్తిడితోనో తప్పుదారి పట్టించో పెట్టించిన సంతకం వినియోగదారుడి హక్కును పోగొట్టదని 1999లో ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లవారుజామున గేటు దగ్గర పెద్దావిడను నిలబెట్టి పెట్టించిన సంతకం అది. ఈలోగా ఆ వోచర్ మాత్రం వాడకండి.

ఢిల్లీ షరతుకు కూడా జంకక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. మీకైతే శాంతినగర్ బీఎంటీసీ కాంప్లెక్స్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్లు. డబ్బు మీ తమ్ముడు కట్టినా, ఆయన సమ్మతితో ఆ సేవ పొందినవాళ్లూ చట్టం దృష్టిలో వినియోగదారులే. ఇలాంటి ఢిల్లీ షరతు మీదే హైదరాబాద్ ప్రయాణికుడి కేసొకటి 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన 2007 డిసెంబరులో పొగమంచు వల్ల ఢిల్లీలో విమానంలోనే గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్‌కు ఆ షరతు అడ్డు కాదని కోర్టు తేల్చింది, కానీ ఆయనకు ఇచ్చిన పరిహారాన్ని కొట్టేసింది. పొగమంచు విమాన సంస్థ చేతిలో లేనిది మరి. సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మడం పూర్తిగా వాళ్ల చేతిలోనిదే. కాబట్టి ఆ తీర్పును మీ మీదకు తెస్తే ఈ తేడా చూపించండి.

హోటల్, ఫెర్రీ డబ్బు డీజీసీఏ లెక్కలో ఉండదు. అది కమిషన్ దగ్గర సేవా లోపం కింద అడగాలి. ఆగిపోయిన ఇద్దరి వాటా అడగడం తేలిక. ‘మీ ముగ్గురూ ఫెర్రీ ఎక్కొచ్చుగా, ఎవరు ఆపారు?’ అని అవతలి లాయరు అడుగుతాడు. తెలియని ఊళ్లో ఇద్దరు పిల్లలతో ఒంటరిగా దీవికి వెళ్లలేకపోయానని అఫిడవిట్‌లో రాయండి. కమిషన్ మొత్తం ఇస్తుందని మాటివ్వలేను, బిల్లులుంటే కొంతైనా ఇప్పిస్తుంది. మానసిక వేదనకు అయిదు లక్షలు అడగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అతిగా అడిగితే మీ మిగతా లెక్కల మీద నమ్మకం తగ్గుతుంది.

ముందు విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టండి, పేరు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దాంతోపాటు పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలోనూ ఫిర్యాదు నమోదు చేయండి. నెల చూసి నోటీసు పంపి, వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఇ-జాగృతిలో కేసు వేయండి. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మీరు కట్టిన టికెట్ల డబ్బు అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు కూడా అక్కర్లేదు. నా తోటి లాయర్లు కోప్పడినా సరే, ముప్పై ఆరు వేల కోసం లాయరుకు ఇరవై వేలు ఇవ్వడం దండగ.

సూట్‌కేసు సంగతి అడిగారు. బ్యాగు చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటిపోతే హ్యాండిల్ కోసం పోరాడకండి. దాటకపోతే ఫొటోలు జతచేసి ఈ రాత్రికే మెయిల్ పంపండి.