పేరు మారింది, మందు అదేనా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. షుగరుకు ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను. మొన్నటిదాకా ఒక్కో మాత్రకు అరవై రూపాయల దాకా పడేది. ఇప్పుడు పది రూపాయల లోపే దొరుకుతోందంటున్నారు. నమ్మి మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మార్చుకోవచ్చండి. ఈ మందు మీద మన దేశంలో ఉన్న పేటెంటు, అంటే ఒక్క కంపెనీకే ఉన్న తయారీ హక్కు, 2025 మార్చిలో ముగిసింది. ఆ వెంటనే చాలా కంపెనీలు తయారీకి దిగాయి. ధర పడిపోయింది ఆ పోటీ వల్లే. అంతకుముందు 2020లో మరో షుగరు మందు డాపాగ్లిఫ్లోజిన్‌కూ, 2022లో సిటాగ్లిప్టిన్‌కూ ఇలాగే జరిగింది.

అయితే కౌంటరు దగ్గర నిలబడి ‘దీని బదులు చవకది ఇవ్వండి’ అని తెచ్చుకోవద్దు. షెడ్యూల్ హెచ్ మందుల్లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటిలో, చీటీ మీదున్న బ్రాండు తీసేసి ఇంకోటి ఇచ్చే అధికారం షాపువాళ్లకు లేదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు రాయించుకోండి. ఆ చీటీతో జన ఔషధి కేంద్రంలోనూ అడగవచ్చు, మామూలు షాపులోనూ అడగవచ్చు. బ్యాచ్ నంబరున్న బిల్లు తప్పక తీసుకోండి.

అట్ట చేతికి రాగానే పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు అని ఒక్కటే ఉండాలి. పక్కన లినాగ్లిప్టిన్ అనో, మెట్‌ఫార్మిన్ అనో ఉంటే అది వేరే మాత్ర. ఎక్కువమంది చిక్కుల్లో పడేది ఇక్కడే: ఇంట్లో మిగిలిన పాత అట్ట పొద్దున, కొత్త పేరుతో వచ్చింది రాత్రి వేసుకుంటారు. రెండూ ఒకటే మందని తెలియక మోతాదు రెట్టింపవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ కుటుంబానిదే కాబట్టి రెండూ కలిపి వాడకూడదు.

చవకైంది కదా అని తెలిసినవాళ్లకు ఈ మాత్ర పంచిపెట్టవద్దు. ఇది రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది, దానితోపాటు నీరూ పోతుంది. మన విశాఖ ఉక్కపోతలో చెమటకు పోయేది పోగా ఇది అదనం. దాహం ఆపుకోవద్దు. మూత్రం పోసే చోట దురద, తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, మందు ఉంది. కార్తీక సోమవారాలకు పొద్దంతా ఉపవాసం ఉండే అలవాటుంటే ముందుగా డాక్టరును అడిగి తీరాలి. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపిస్తారు, కాబట్టి సర్జనుకు దీని పేరు చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే గ్లూకోమీటరులో 180 ఉందని నిశ్చింతగా కూర్చోవద్దు. ఈ మందు వాడేవాళ్లకు షుగరు అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మాత్ర ఆపి, క్యాజువాలిటీకి వెళ్లి, అట్ట చూపించి, కీటోన్ల పరీక్ష చేయమని అడగండి.

ప్రశ్న: మా నాన్నగారు మాత్రలు మింగలేరు. బీపీ మాత్ర, షుగరు మాత్ర పొడిచేసి ఇస్తున్నాం. పరవాలేదా?
– మద్దిలపాలెం పాఠకుడు

జవాబు: పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని ఉంటే పొడి చేయకూడదు. అవి రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యేలా చేసిన మాత్రలు. పొడి చేస్తే రోజు మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లి బీపీ, నాడి పడిపోవచ్చు. మెటోప్రొలాల్‌లో టార్ట్రేట్, సక్సినేట్ అని రెండు రకాలున్నాయి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్లో ఉండేది సక్సినేట్. నడుమ గీత ఉంటే ఆ గీత మీద విరవవచ్చు గానీ నూరకూడదు. టార్ట్రేట్ బదులు సక్సినేట్, సక్సినేట్ బదులు టార్ట్రేట్ వాడకూడదు కూడా. మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ వేసుకునేవారికి ఒక్కోసారి మలంలో మాత్ర ఆకారం కనిపిస్తుంది. అది ఖాళీ పెంకు, మందు ఒంటికి పట్టినట్టే. మింగడం కష్టమని డాక్టరుకు చెబితే మామూలు మాత్రకో, ద్రవరూపానికో మారుస్తారు.

ప్రశ్న: ఇన్సులిన్‌తో పాటు ఈసారి షాపులో నారింజ రంగు మూత సిరంజి ఇచ్చారు. ఎప్పుడూ ఎర్ర మూతది వాడేవాళ్లం.
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: వెంటనే వెనక్కి ఇచ్చేయండి. మన దగ్గర ఎక్కువగా అమ్మే ఇన్సులిన్ సీసాల మీద 40 ఐయూ (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) అని ఉంటుంది, వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 ఐయూ సీసాకు. మీ 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి, అది ప్రాణం మీదికి తెచ్చే మోతాదు. కొన్న ప్రతిసారీ సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర కంపెనీ మారింది. ఏమైనా జాగ్రత్తలు?
– ఎం.వి.పి. కాలనీ

జవాబు: మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ రక్తపరీక్ష అయిన టీఎస్‌హెచ్ చూపించుకోండి. ఆపై పదేపదే కంపెనీ మార్చకండి, ఈ మందులో కొద్దిపాటి తేడా కూడా పరీక్షలో తేలుతుంది. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. సముద్రగాలి తేమకు మాత్ర చెడకుండా సీసా మూత గట్టిగా బిగించండి, వంటింట్లో పెట్టకండి.

ప్రశ్న: పిల్లాడికి విరేచనాలైతే షాపులో అట్టపెట్టె డ్రింకు ఇచ్చారు. అది ఓఆర్ఎస్సేనా?
– ఒక తండ్రి, సీతమ్మధార

జవాబు: లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉన్నదే ఓఆర్ఎస్. తీపి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. తీపి ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీటిలో, చిన్నది 200 మిల్లీలీటర్లలో ఒక్కసారే మొత్తం కలపండి. సగం పొడి గ్లాసులో వేయడం, రుచికి పంచదార కలపడం వద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ముందే తగ్గినా ఆపకూడదు. పిల్లాడు మత్తుగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.