చరిత్ర చదువుతానన్న అమ్మాయికి మ్యూజియంలో దారి ఉందా?

ప్రశ్న: మేం హూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి. వేసవిలో బఫెలో సోల్జర్స్ నేషనల్ మ్యూజియంలో వాలంటీర్‌గా చేరతానని, డిగ్రీలో చరిత్రే తీసుకుంటానని పట్టుబడుతోంది. మేం హెచ్1బీ (ఉద్యోగ వీసా), తను హెచ్4 (మా మీద ఆధారపడ్డ కుటుంబ వీసా). ఈ చదువుతో ఉద్యోగం దొరుకుతుందా? ఇప్పటినుంచి తనతో ఏం చేయించాలి?

జవాబు: ముందు వీసా సంగతి చూద్దామమ్మా, మీ విషయంలో అసలు చిక్కు అక్కడే. హెచ్4లో ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరికీ డబ్బివ్వని వాలంటీర్ పని చేయొచ్చు. స్టైపెండ్, గిఫ్ట్ కార్డు ఏదిచ్చినా తీసుకోవద్దు. 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1 అనే విద్యార్థి వీసాకి మారాలి. చరిత్ర స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక ఓపీటీ, అంటే ఎఫ్1 మీద పనిచేసే అనుమతి, 12 నెలలే, అదనపు 24 నెలలు రావు. నేషనల్ ఆర్కైవ్స్, నేషనల్ పార్క్ సర్వీస్ లాంటి ఫెడరల్ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే. అందుకే చరిత్ర ఒక్కటే నమ్ముకోమని చెప్పను. మానేయమనీ చెప్పను. పక్కన ఏం జోడించాలన్నదే ఆలోచించాలి.

ఈ మ్యూజియాన్ని వియత్నాం యుద్ధంలో పనిచేసిన పాల్ మాథ్యూస్ స్థాపించారు. 2012 నుంచి కారొలైన్ స్ట్రీట్‌లో 1925 నాటి ఆయుధాగారం భవనంలో నడుస్తోంది. అంతర్యుద్ధం ముగిశాక 1866లో అమెరికన్ కాంగ్రెస్ ఏర్పాటు చేసిన, ‘బఫెలో సోల్జర్స్’ అని పేరుపడ్డ నల్లజాతి రెజిమెంట్ల చరిత్ర దీని ప్రాణం: రెండు అశ్వికదళాలు, నాలుగు పదాతిదళాలు. ఆ నాలుగూ 1869లో 24, 25 నంబర్లతో రెండయ్యాయి.

వాలంటీర్ అనగానే సందర్శకులకు గ్యాలరీ చూపించే పని ఇస్తారు. మంచిదే, కానీ తనకు ఈ రంగం సరిపడుతుందో లేదో అది తేల్చదు. తేలేది వెనకగదిలో. అందుకే మొదటి ఫోన్‌లోనే, “వారానికొక రోజు కలెక్షన్స్ పని (వస్తువులను నమోదుచేసి భద్రపరిచే పని) ఇస్తారా?” అని తననే అడగమనండి. మీరు అడగొద్దు.

అక్కడ పని ఇలా ఉంటుంది. ఒక కుటుంబం తాతగారి యూనిఫాం, ఫోటోలు తెచ్చిస్తుంది. ముందు దానపత్రం మీద సంతకం. ఇది లేకపోతే పదేళ్ల తర్వాత వారసులొచ్చి అడిగినప్పుడు మ్యూజియం దగ్గర జవాబుండదు. తర్వాత 2026.14.3 లాంటి నంబరు: ఆ ఏడాది, పద్నాలుగో దానం, అందులో మూడో వస్తువు. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ అచ్చు ముందువైపుకు పొడుచుకొస్తుంది. ఫోటోలకు నైట్రైల్ గ్లవ్స్. కాగితాలకు మాత్రం కడిగి ఆరబెట్టిన ఉత్త చేతులే మేలు, నూలు గ్లవ్స్‌తో అంచులు చిరుగుతాయి. పీవీసీ కవర్లు వాడకూడదు, పాలియెస్టర్ వాడాలి. ఉన్ని కోటులో పురుగు కనిపిస్తే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతారు. తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే గుడ్డ మీద తేమ పట్టి బూజుకు దారి తీస్తుంది. ప్రదర్శనలో బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. వీటన్నిటినీ మూడు నెలలు విసుగు లేకుండా చేయగలిగిందంటే తన ఇష్టం నిజమైనదే.

ఈ విసుగు పని ఎందుకంటారా? 1973లో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం కాలిపోయినప్పుడు, 1912 నుంచి 1960 దాకా విడుదలైన ఆర్మీ సైనికుల ఫైళ్లలో సుమారు 80 శాతం పోయాయి. ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరికే డిశ్చార్జ్ కాగితమే ఒక్కోసారి మిగిలిన ఏకైక సాక్ష్యం. హూస్టన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1917 ఆగస్టు 23న, పోలీసుల దౌర్జన్యం తర్వాత, క్యాంప్ లోగన్ అనే సైనిక శిబిరం దగ్గరి 24వ పదాతిదళ సైనికులు తిరగబడ్డారు. 110 మందికి శిక్ష పడింది, 19 మందిని ఉరితీశారు. తొలి 13 మందికి అప్పీలు చేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. నగరంలోని సౌత్ టెక్సాస్ కాలేజ్ ఆఫ్ లా వేసిన పిటిషన్లను పరిశీలించి, 2023 నవంబరులో ఆర్మీ ఆ 110 శిక్షలూ రద్దు చేసింది. విచారణ కాగితాలు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

కాలేజీ దరఖాస్తుకు వాలంటీర్ గంటల లెక్క కన్నా, పూర్తిచేసిన ఒక్క పని ఎక్కువ పలుకుతుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్‌కు పదో తరగతి, ఆపైన చదివేవారు మాజీ సైనికుల ఇంటర్వ్యూలు పంపవచ్చు. కనీసం 30 నిమిషాలుండాలి, కత్తిరింపులు ఉండకూడదు, ఇంటర్వ్యూ ఇచ్చినవారి, చేసినవారి అనుమతి పత్రాలు రెండూ జతచేయాలి. ఫ్యాన్, ఏసీ ఆపి రికార్డు చేయమనండి. మనవాళ్ల రికార్డింగులు పాడయ్యేది చాలావరకు ఫ్యాన్ హోరువల్లే. సెలవులకు హైదరాబాద్ వెళ్తే ఇదే పద్ధతి ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) బస్తీలో పనికొస్తుంది. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరే ఆ బస్తీకి వచ్చింది, ఆ సిద్దీ (ఆఫ్రికన్ మూలాల) కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. ముందు పెద్దల అనుమతి, వాళ్ల భాషలో రాసిన అంగీకారపత్రం, రికార్డింగు ప్రతి వాళ్లకూ ఇవ్వడం: ఈ మూడూ లేకుండా మొదలుపెట్టొద్దు.

ఇక చదువు. కెమిస్ట్రీ అంటే భయం లేకపోతే కన్జర్వేషన్, అంటే పాత వస్తువులు పాడవకుండా బాగుచేసే విద్య, వైపు చూడండి. డెలావేర్ యూనివర్సిటీ, వింటర్‌థర్ మ్యూజియం కలిసి నడిపే పీజీ లాంటివాటికి జనరల్, ఆర్గానిక్ కెమిస్ట్రీ, కళాచరిత్ర, చేతిపని అనుభవం కావాలి. సీట్లు చాలా తక్కువ. ఆర్కైవ్స్ (పాత రికార్డులు భద్రపరిచే రంగం) అయితే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపున్న పీజీ అవసరం. టెక్సాస్‌లో యూటీ ఆస్టిన్, నార్త్ టెక్సాస్, టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీల్లో ఉంది. డిగ్రీలో చరిత్రతో పాటు డేటాబేస్‌లు, పైథాన్ నేర్చుకోమనండి. చేరేముందు ఐ-20 (ఎఫ్1కి కాలేజీ ఇచ్చే పత్రం) మీద పడే సీఐపీ కోడ్, అంటే కోర్సు వర్గం నంబరు, అడగండి: 11.0401, అంటే ఇన్ఫర్మేషన్ సైన్స్ అయితే స్టెమ్ కిందికి వస్తుంది.

జీతాలు ఐటీతో పోటీపడవు, చిన్న మ్యూజియాల్లో చాలా పోస్టులు గ్రాంటు ఉన్నన్నాళ్లే. 2025లో ఫెడరల్ గ్రాంట్లు మధ్యలో రద్దయినప్పుడు ఇది అందరికీ అర్థమైంది. ఈ మాట తనకు దాచకుండా చెప్పండి. మ్యూజియానికి మెయిల్ మార్చిలోనే పెట్టించండి, మేలో అయితే ఆలస్యం.