డిజైన్ డిగ్రీ లేకుండా డిజైన్‌లో రీసెర్చ్ మాస్టర్స్ చేయొచ్చా?

చేయొచ్చండి. ఇంజినీరింగ్ చదివాను, పోర్ట్‌ఫోలియో (చేసిన డిజైన్ పనుల సంకలనం) పెద్దగా లేదు, తీసుకుంటారా అని అడిగారు కదా, నేనూ వేరే సబ్జెక్టు నుంచి వచ్చినదాన్నే. పోర్ట్‌ఫోలియో అడిగే చోట్ల కూడా రీసెర్చ్ కోర్సుకి అందమైన బొమ్మల కంటే మీరు ఎలా ఆలోచించారో కనిపించడం ముఖ్యం. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ పరిశోధన ప్రశ్న ఏంటి, దానికి గైడ్ ఎవరు అన్నది.

1993లో బ్రిటన్‌కి చెందిన ఆర్ట్, డిజైన్ ప్రొఫెసర్ క్రిస్టఫర్ ఫ్రేలింగ్ డిజైన్ పరిశోధనని మూడుగా విడదీశారు: డిజైన్ గురించి చేసేది, డిజైన్ కోసం చేసేది, డిజైన్ చేస్తూ చేసేది. బయట నుంచి వచ్చినవాళ్లకి అర్థం కానిది ఈ మూడోదే, ఎందుకంటే వస్తువు తయారుచేస్తే అది పరిశోధన ఎలా అవుతుంది అని అందరూ అడుగుతారు.

దానికి జవాబుగా నా పనే చెప్తాను. నా పరిశోధన వయసు పైబడినవాళ్ల కోసం మందుల లేబుళ్ల మీద. ఒక గైడ్ డిజైన్, ఇంకొకరు పబ్లిక్ హెల్త్. మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పడానికి లేబుల్ మీద సగం సూర్యుడి బొమ్మ వేస్తే కొందరు పొద్దున అన్నారు, కొందరు సాయంత్రం అన్నారు. హెల్త్ గైడ్ వెంటనే ఎంతమందిలో ఎంతమంది తప్పు చదివారు, పాత లేబుల్ ఇచ్చి పోల్చిన గ్రూపు ఏది అన్నారు, డిజైన్ గైడేమో వాళ్లు అలా ఎందుకు చదివారో పక్కన కూర్చుని అడిగావా, దాన్నిబట్టి బొమ్మలో ఏం మార్చావు అన్నారు. రెండూ సరైన ప్రశ్నలే, రెండిటికీ జవాబు చెప్పాల్సిందే, ఇంటర్‌డిసిప్లినరీ, అంటే రెండు మూడు రంగాలు కలిసిన పరిశోధనలో రోజూ జరిగేది ఇదే. బొమ్మ మార్చిన ప్రతిసారీ తేదీ, కారణం రాసి పాత వెర్షన్ దాచిపెట్టాను, చివరికి థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడింది. ఆ కారణాలు రాయకపోతే మిగిలేది ఒట్టి లేబులే.

కాబట్టి అప్లై చేసేముందు ఆ డిపార్ట్‌మెంట్ పాత థీసిస్‌లు తెరిచి మెథడ్ అధ్యాయం (పరిశోధన ఎలా చేశారో చెప్పేది) చదవండి. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి కో-గైడ్‌ని అధికారికంగా పెట్టుకోనిస్తారా, ఎగ్జామినర్లు ఏ రంగాల నుంచి వస్తారు అనేవి కూడా అడగండి, ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. గైడ్‌కి రాసే మెయిల్‌లో మీ ప్రశ్న, ఎవరితో పనిచేస్తారు, ఏం తయారుచేస్తారు అనేది ఒక్క పేరాలో పెట్టండి చాలు. ఇంకోటి, మనుషులతో, అందులోనూ పేషెంట్లతో చేసే పనైతే ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవాళ్లకి హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి రావడానికి టైం పడుతుంది, ఫామ్ మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.