కరోనా వల్ల పాప టీకాలు ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదండీ. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తే చాలు. పెంటావాలెంట్ (పెంటా, కోరింత దగ్గు లాంటి ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటి డోసు పడి, రెండోది నెలల తరబడి ఆలస్యమైనా మొదటిది వృథా పోదు. ఇప్పుడు రెండోది వేసి, కనీసం 4 వారాలు ఆగి మూడోది వేస్తారు.

మా పాప 2020 ఫిబ్రవరిలో పుట్టింది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పుట్టగానే అయిపోయాయి. ఆరు వారాల టీకాల వేళకి లాక్‌డౌన్ వచ్చి పడింది. కాన్పు చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ మూసేశారు, ఫోన్ ఎత్తే దిక్కు లేదు. నేను పుట్టింట్లో ఉన్నాను కాబట్టి అమ్మ ఆశా వర్కర్‌ని అడిగింది. అంగన్‌వాడీలో వేసే టీకాలూ అప్పటికి ఆగిపోయాయి. మే నెలలో మళ్ళీ మొదలవగానే ఆవిడే కబురు పెట్టారు. గుంపు కాకుండా తలా ఒక టైమ్ చెప్పి, బిడ్డతో ఒక్కరినే రమ్మన్నారు.

మా ఇంట్లో అసలు గొడవ బయటికి వెళ్ళడం గురించి కాదు, సూది తర్వాత వచ్చే జ్వరం గురించి. పెంటా వేసిన రాత్రి చాలామంది పిల్లలకి ఒళ్ళు వెచ్చబడుతుంది, తొడ దగ్గర గట్టిపడి వాస్తుంది. మామూలు రోజుల్లో అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ నెలల్లో మాత్రం ఫలానా ఇంట్లో జ్వరమట అంటే చాలు, వీధంతా టెన్షన్. "గడప దాటని పసిపిల్లకి ఇప్పుడెందుకే సూదులు?" అని మా నానమ్మ ఒకటే పోరు.

టీకాలు వేసే ప్రభుత్వ నర్సు, ఏఎన్ఎం గారు ఇవన్నీ చూసినావిడ. జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుందని, తగ్గకపోయినా, పిల్ల పాలు తాగకపోయినా వెంటనే ఫోన్ చెయ్యమని ముందే చెప్పారు. బరువు చూసి పారాసిటమాల్ ఎన్ని చుక్కలో కార్డు వెనకాల రాసిచ్చారు. సూది వేసిన చోట పసుపూ గిసుపూ పెట్టొద్దని నానమ్మకి వినపడేలా మరీ చెప్పారు.

గడప దాటకపోయినా కోరింత దగ్గు ఇంట్లో పెద్దవాళ్ళ నుంచే పసివాళ్ళకి అంటుకుంటుంది. తట్టు అయితే రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా 2 గంటల దాకా గాలిలో ఉంటుంది. 2020లో ప్రపంచం మొత్తం మీద 2.3 కోట్ల మంది పిల్లలకి మామూలు టీకాలు సరిగా అందలేదని డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ లెక్క తేల్చాయి. 2022 చివర్లో ముంబైలో తట్టు ఎలా చెలరేగిందో వార్తల్లో చూసే ఉంటారు.

ఇక గడువులు. ప్రభుత్వ టీకాల్లో బీసీజీ, రోటావైరస్ మొదటి డోసు, పెంటా మొదటి డోసు ఏడాది లోపే పడాలి. అసలు పెంటా మొదలే కాకుండా ఏడాది దాటితే దాని బదులు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) వేస్తారు. తట్టుకి వేసే ఎంఆర్ 9 నెలలు నిండగానే వేయించండి, తప్పిపోతే 5 ఏళ్ళ దాకా వేస్తారు.

ఎంఆర్ సీసా ఒకసారి కలిపితే 4 గంటల్లో వాడెయ్యాలి. అందుకని కొన్నిచోట్ల "మీరొక్కరే వచ్చారు, వచ్చే వారం రండి" అంటారు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నిబంధన, మొహమాటపడకుండా అడగండి. కార్డు పోయినా కంగారు పడొద్దు, ఏఎన్ఎం రిజిస్టర్‌లో వివరాలు ఉంటాయి. ఎందుకైనా మంచిది, రెండు వైపులా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.