మీరు అడిగారు: బ్రౌన్ రైస్ ప్యాకెట్లు ఎవరికి మంచివి, ఎవరికి కావు

ఈ నెల ఉత్తరాల్లోనూ వాట్సాప్ మెసేజుల్లోనూ బ్రౌన్ రైస్ గోల ఎక్కువగా ఉంది, అదీ బియ్యంగా వండుకునే దాని గురించి కంటే ఎక్కువగా, బ్రౌన్ రైస్‌తో చేశామంటూ అమ్మే డబ్బాలు, బిస్కెట్లు, నూడుల్స్ గురించి. నాలుగు ప్రశ్నలు ఏరాను.

మా గుంటడికి ఎనిమిదో నెల. ఆర్గానిక్ బ్రౌన్ రైస్ సెరియల్ డబ్బా తెచ్చి రెండు పూటలా అదే పెడుతున్నాను. మా ఆడపడుచు ఫోన్ చేసి అందులో ఆర్సెనిక్ ఉంటుందట, పిల్లాడికి విషం పెడుతున్నావు అంది. అప్పటినుంచి నిద్ర లేదు. మా అత్తమ్మేమో ఉగ్గు పెట్టమంటోంది. ఏం చెయ్యమంటారు? (ఒక తల్లి, బొబ్బిలి)

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టమ్మా. మీ ఆడపడుచు చెప్పినదాంట్లో నిజం ఉంది, కాకపోతే విషం అనేంత పెద్ద మాట అనక్కర్లేదు.

వరి నీళ్లు నిలిచిన మడిలో పెరుగుతుంది కదా, గాలాడని ఆ బురదలో, మట్టిలో సహజంగా ఉండే, ఎక్కువైతే ఒంటికి హాని చేసే ఆర్సెనిక్ కరిగి వేళ్లకు అందుతుంది. గోధుమ, చోళ్లు (రాగులు) లాంటి గింజల కంటే వరి దాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. గింజలోకి వచ్చింది ఎక్కువగా పైపొరలో, అంటే తవుడులో చేరుతుంది. పాలిష్ పడితే తవుడుతో పాటు కొంత పోతుంది, ముడిబియ్యంలో, అంటే బ్రౌన్ రైస్‌లో, అలాగే ఉంటుంది. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ వాళ్లు, ఆర్సెనిక్‌లో హాని చేసే ఇనార్గానిక్ రకం కిలో తెల్లబియ్యంలో 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని, ముడిబియ్యానికైతే 0.35 వరకు పరవాలేదని రాశారు. పసిపిల్లల రైస్ సెరియల్ దగ్గరకొచ్చేసరికి అమెరికా 2020లో ఆ అంకెను 0.1కి దించింది, ఐరోపాలో కూడా పిల్లల ఆహారానికి వాడే బియ్యానికి అంతే. పిల్లల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే వాళ్ల ఒంటి బరువుకు తినేది ఎక్కువ, పైగా మీరు చేస్తున్నట్టే, పొద్దున్నా సాయంత్రం అదే డబ్బా.

ఆర్గానిక్ అని రాసి ఉంది కదా అంటారేమో, మందులు కొట్టకపోయినా మట్టీ నీళ్లూ అవే కాబట్టి ఈ విషయంలో ఆ మాటకు విలువ లేదు. ఇంకొకటి చూడండి, డబ్బా వెనుక పదార్థాల్లో బ్రౌన్ రైస్ సిరప్ ఉందేమో. అది తీపి కోసం వేసేది. 2012లో అమెరికాలో డార్ట్‌మత్ పరిశోధకులు ఆ సిరప్ ప్రధానంగా ఉన్న ఒక పిల్లల పాలపొడిని కలిపి పరీక్షిస్తే, తాగే నీళ్లకు అక్కడ పెట్టిన హద్దు కంటే ఆరు రెట్లు ఆర్సెనిక్ కనిపించింది. అలాంటి డబ్బా అయితే మళ్లీ కొనకండి.

సెరియల్ మొత్తం ఆపేయండి అని మాత్రం నేను చెప్పను. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఐరన్ కావాలి, ఫ్యాక్టరీ సెరియల్‌లో దాన్ని కలుపుతారు, ఒక్కసారిగా మానేసి ఉత్త గంజి పోస్తే ఇంకో ఇబ్బంది. ఓట్స్‌తోనో గోధుమతోనో చేసిన సెరియల్‌కి మారండి. రెండో పూట చోడిపిండి జావ, పెసరపప్పు కట్టు, మెత్తగా మెదిపిన గుడ్డు, మన పెరటి అరటిపండు, ఇలా మారుస్తూ పెట్టండి. మీ అత్తమ్మ ఉగ్గు కూడా మంచిదే, బియ్యం తగ్గించి పెసరపప్పు పెంచి వేయించి దంచమనండి, ఆవిడా సంతోషిస్తారు. ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు ఒకటికి ఆరు వంతుల నీళ్లు పోసి ఉడికించి గంజి వార్చేస్తే ఆర్సెనిక్ దాదాపు సగం గంజితో పోతుంది. కొన్ని విటమిన్లూ పోతాయి, నిజమే. కుక్కర్లు రాకముందు మన ఇళ్లలో అన్నం వార్చడమే పద్ధతి, ఆ గంజి పశువుల కుడితికి వెళ్లేది. ఇన్నాళ్లు పెట్టినదానికి పిల్లాడికి ఏదో అయిపోయిందని పరీక్షల చుట్టూ తిరగకండి, ఇకమీదట మారిస్తే చాలు.

నాకు షుగరు. పిల్లలు బ్రౌన్ రైస్ బిస్కెట్లు, బ్రౌన్ రైస్ మరమరాలు తెచ్చిపెట్టారు, ఎన్ని తిన్నా ఏం కాదంటున్నారు. నిజమేనా? (రిటైర్డ్ టీచర్, విజయనగరం)

ఎన్ని తిన్నా అన్న మాట దగ్గరే ఆగండి మాస్టారూ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వంద గ్రాముల ముడిబియ్యంలో పిండిపదార్థం సుమారు 75 గ్రాములు, పాలిష్ బియ్యంలో 78. పీచు ముడిబియ్యంలో 4.4 గ్రాములు, పాలిష్ బియ్యంలో 2.8. తేడా ఉంది, అయితే షుగరు మాత్ర అక్కర్లేనంత తేడా కాదు. గింజ గింజగా ఉడికించి కూరతో, పప్పుతో తింటే అరగడం కాస్త నిదానిస్తుంది. అదే గింజను పేలాలుగా పేల్చినా, మెత్తటి పిండి చేసి బిస్కెట్ కాల్చినా ఆ నిదానం పోతుంది. మరమరాలు బ్రౌన్ అయినా తెల్లవైనా రక్తంలోకి గబగబా చేరేవే.

ఇక బిస్కెట్లు. ఈ జవాబు రాస్తూ బజారు నుంచి ఒకటి తెప్పించాను. ముందువైపు వరి కంకి బొమ్మ, పెద్ద అక్షరాల్లో బ్రౌన్ రైస్. వెనక్కి తిప్పితే మొదట మైదా, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, ఆ తర్వాత బ్రౌన్ రైస్ పిండి, దాని పక్కన శాతం చూస్తే నవ్వొచ్చింది. మన దేశ లేబుల్ నిబంధనల ప్రకారం బరువులో ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలి, అట్ట మీద గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతం ఉందో కూడా రాయాలి. కాబట్టి మీ కళ్లజోడు పెట్టుకుని ఆ రెండూ చదవండి, బ్రౌన్ రైస్ మొదటి స్థానంలో లేకపోతే అది మామూలు బిస్కెట్టే. పిల్లలు ప్రేమతో తెచ్చారు కాబట్టి ఒకటీ అరా తినండి, డబ్బా మాత్రం మనవలకు అప్పగించండి. మనవలకూ ఎక్కువ పెట్టకండి.

మాది కవిటి దగ్గర. నాన్నకు కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ ఎక్కువ, డయాలసిస్ ఇంకా మొదలవలేదు. ఆరోగ్యానికి మంచిదని బ్రౌన్ రైస్ అటుకులు, బ్రౌన్ రైస్ నూడుల్స్ తెప్పిస్తున్నాం. పెట్టొచ్చా? (ఒక కొడుకు)

మీ కవిటి ఉన్న ఉద్దానం నుంచి కిడ్నీ ప్రశ్న వస్తే చెయ్యి ఆచితూచి రాస్తుంది తమ్ముడూ, ఎందుకంటే అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏంటో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి మానేసి చూస్తుంటారు. ముడిబియ్యం తిన్నందుకు ఇది వచ్చిందనీ, తింటే తగ్గుతుందనీ ఎవరు చెప్పినా నమ్మకండి.

మీ నాన్నగారి విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. తవుడులో పీచుతో పాటు ఫాస్ఫరస్, పొటాషియం కూడా తెల్లబియ్యంలో కంటే ఎక్కువ. బాగున్న కిడ్నీ అదనంగా ఉన్నదాన్ని బయటికి పంపేస్తుంది, దెబ్బతిన్నది పంపలేదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు పాడవుతాయి, ఒళ్లంతా దురద. ముడిబియ్యంలోని ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఫైటేట్ అనే, సరిగా అరగని రూపంలో ఉంటుంది కాబట్టి అంతా ఒంటికి పట్టదు, అది కొంత నయం. ప్యాకెట్లలో విడిగా కలిపే ఫాస్ఫేట్లు అలా కాదు, చాలావరకు నేరుగా ఒంట్లోకి వెళ్తాయి. నూడుల్స్ ప్యాకెట్ వెనుక ఐఎన్ఎస్ (విడిగా కలిపే పదార్థాలకు ఇచ్చే నంబరు) అని ఉండి పక్కన 339, 340, 341, 450, 451, 452 అంకెల్లో ఏది కనిపించినా అవి ఫాస్ఫేట్లే. మసాలా పొట్లంలో ఉప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. నూడుల్స్ ఈరోజే ఆపేయండి. అటుకుల సంగతి, అన్నం ఏ బియ్యంతో వండాలన్నది ఆయన తాజా రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్ అంకెలు చూసి కిడ్నీ డాక్టర్ గారే చెప్పాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి కదా, చూపించుకునేటప్పుడు ఆయన తినే ప్యాకెట్ల ఫోటోలు ఫోన్‌లో తీసుకెళ్లి చూపించండి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది వాడుతుంటే అదీ చెప్పండి, అందులో ఉండేది పొటాషియమే.

ఐదు కిలోల బ్రౌన్ రైస్ ప్యాకెట్ కొన్నాం. మూడు నెలలకే మాగిన నూనె కంపు కొడుతోంది. పురుగు లేదు. కడిగి వండితే పోతుందా? (నరసన్నపేట)

పోదు. తవుడులో నూనె ఉంటుంది, రైస్ బ్రాన్ ఆయిల్ తీసేది దాంట్లోంచే. పైపొట్టు ఊడిన క్షణం నుంచి ఆ నూనె గాలి తగిలి పాడవడం మొదలవుతుంది, మన సముద్రపు ఉక్కకు ఇంకా తొందరగా. ముడిబియ్యం బాగా దాచినా సుమారు ఆరు నెలలు. పాతకాలంలో గాదెల్లో ధాన్యం దాచి ఎప్పటికప్పుడు కావలసినంతే దంపుకున్నారు కాబట్టి వాళ్లకు ఈ కంపు తెలీదు. కంపు కొట్టినది పారేయండి. ఈసారి కిలో ప్యాకెట్ కొనండి, అట్ట మీద ధర కంటే ముందు ప్యాకింగ్ తేదీ చూడండి, విప్పాక బిగుతు మూత డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పుడు బియ్యంలా ఉడకబెట్టి ఎండబెట్టిన ముడిబియ్యం దొరికితే అది ఇంకా కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది, వేడికి నూనెను చెడగొట్టే ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి.